ఉలుకూ పలుకూ లేని ప్రింటర్: కవాడిగూడ పరిసర కార్యాలయాల నేపథ్యంలో కంప్యూటర్-ప్రింటర్ సంభాషణ చరిత్ర

వ్యాససంగ్రహం:

కార్యాలయాల్లో ప్రింటర్ ఒక పూట చక్కగా పనిచేసి మరో పూట కంప్యూటర్‌కు స్పందించకపోవడం అతి సాధారణమైన అంతరాయం. దీనిని యంత్రలోపంగానో, వాడేవారి అజాగ్రత్తగానో భావించడం పరిపాటి. ఈ రెండు యంత్రాల మధ్య సంభాషణకు ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉందని, ఆ చరిత్రలోని ఒక్కొక్క దశ ఒక్కొక్క రకం మౌనాన్ని మిగిల్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సమాంతర కేబుల్, ముద్రణ వరుస, నెట్‌వర్క్ చిరునామా, డ్రైవర్ అనే నాలుగు పొరలను కాలక్రమంలో పరిశీలించి, తెలుగు లిపి ముద్రణ ఈ వ్యవస్థపై మోపిన ప్రత్యేక భారాన్ని వివరిస్తుంది. మరమ్మతు జ్ఞానం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను చర్చిస్తుంది. కవాడిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల కార్యాలయ జీవితం దీనికి నేపథ్యం.

కీలకపదాలు: ప్రింటర్, స్పూలింగ్, కార్యాలయ చరిత్ర, తెలుగు లిపి, నెట్‌వర్క్ చిరునామా, మరమ్మతు జ్ఞానం, హైదరాబాదు.

1. ప్రవేశిక:

హుస్సేన్‌సాగర్‌కు దిగువన విస్తరించిన కవాడిగూడ ఒకప్పుడు దివాన్ బహదూర్ రామ్‌గోపాల్ మిల్లు ఉన్న ప్రాంతంగా ప్రసిద్ధం. మగ్గాల చప్పుడు ఆగిపోయిన తరువాత ఆ పేటకు కార్యాలయాలే గుర్తింపు అయ్యాయి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు కొలువుతీరిన సీజీవో టవర్స్ అక్కడే ఉంది. పక్కనే చిక్కడపల్లిలో సబ్-రిజిస్ట్రార్ కార్యాలయం, నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు, పుస్తకాల దుకాణాలకు, జిరాక్సు సెంటర్లకు నిలయం. నారాయణగూడలో కళాశాలలు, ఆసుపత్రులు, వైద్య పరీక్షా కేంద్రాలు అడుగడుగునా కనిపిస్తాయి.

ఈ నాలుగు పేటలను కలిపే ఉమ్మడి వస్తువు కాగితం. దస్తావేజు, ధ్రువపత్రం, రశీదు, హాల్ టికెట్, సిద్ధాంత గ్రంథం వంటివన్నీ కంప్యూటర్‌లో పుట్టినా, చెల్లుబాటు కావాలంటే చాలా సందర్భాల్లో కాగితం మీదికి రావలసిందే. పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షకు వెళ్లే అభ్యర్థి చేతిలో ముద్రిత హాల్ టికెట్ లేకపోతే ఏళ్ల తరబడి సాగించిన చదువు గేటు బయటే నిలిచిపోతుంది. కనుక కంప్యూటర్ తెరమీది అక్షరానికి, కాగితంమీది అక్షరానికి మధ్య నిలిచిన ప్రింటర్ ఒక చిన్న పరికరమే అయినా, పౌరుడికి, అతని హక్కుకు నడుమ ఉన్న ద్వారం కూడా.

ఆ ద్వారం పూర్తిగా మూసుకుపోతే కారణం తెలుసుకోవడం కష్టం కాదు. విరిగిన భాగం కంటికి కనబడుతుంది. కొంతసేపు తెరుచుకుని, కొంతసేపు మూసుకుని, మెకానిక్ వచ్చేసరికి మళ్లీ తెరుచుకునే ద్వారమే అసలు చిక్కు. "నిన్న బాగానే ఉంది, ఇవాళ ఉలుకూ పలుకూ లేదు" అనే ఫిర్యాదు కార్యాలయాల్లో నిత్యం వినబడేదే. ఈ మౌనానికి చారిత్రక మూలాలను వెదకడం ఈ వ్యాసం లక్ష్యం.

2. రాత నుంచి విడివడిన అచ్చు:

టైపు మిషనులో రాయడం, అచ్చు వేయడం ఒకే క్రియ. మీటను నొక్కిన వేలి బలమే అక్షరాన్ని రిబ్బను మీదుగా కాగితానికి చేరవేస్తుంది. అక్షరం పడకపోతే ఏ మీట ఇరుక్కుందో, ఏ రిబ్బను ఎండిపోయిందో టైపిస్టుకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. యంత్రం మాట వినడం, వినకపోవడం అనే భావనకు అక్కడ చోటు లేదు. టైపు నేర్చిన తరానికి తన యంత్రం గురించి ఉన్న సాధికారత ఈ పారదర్శకత నుంచి వచ్చినదే.

కంప్యూటర్ ఈ ఏకత్వాన్ని విడదీసింది. 1959లో ఐబీఎం సంస్థ 1401 కంప్యూటర్‌తో పాటు తెచ్చిన 1403 లైన్ ప్రింటర్ నిమిషానికి 600 పంక్తులు, పంక్తికి 132 అక్షరాల చొప్పున ముద్రించేది. అంత వేగం కూడా ఎలక్ట్రానిక్ గణన ముందు నత్తనడకే. ఖరీదైన పెద్ద కంప్యూటర్ ప్రింటర్ కోసం వేచి ఉండటం నష్టదాయకం కావడంతో, ఫలితాలను అయస్కాంత టేపుపై రాసి, ఆ టేపును మరో చిన్న కంప్యూటర్‌కు మోసుకుపోయి ముద్రించే పద్ధతి వ్యాపించింది. తరువాత ఆ మధ్యవర్తి పనిని డిస్కు స్వీకరించింది. పనులను ముందుగా డిస్కుపై పేర్చి, ప్రింటర్‌కు వీలైనప్పుడు ఒక్కొక్కటిగా అందించే ఈ ఏర్పాటుకు స్పూలింగ్ అనే పేరు స్థిరపడింది.

దీని పర్యవసానం గమనార్హం. "ముద్రించు" అన్న ఆజ్ఞ ఇచ్చినవారికి ఆ క్షణం నుంచి అర్థం మారిపోయింది. అది ముద్రణ కాదు, ముద్రణకు అర్జీ మాత్రమే. అర్జీ స్వీకరించబడిందన్న సమాచారం వెంటనే వస్తుంది. పని జరిగిందా లేదా అన్నది వేరే చోట, వేరే సమయంలో తేలుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రశీదు పుచ్చుకున్న పౌరుడి స్థితి, తన దస్త్రాన్ని ప్రింటర్‌కు పంపిన గుమస్తా స్థితి ఇక్కడ ఒకటే.

3. కేబుల్ మీది సంభాషణ:

చిన్న కంప్యూటర్ల యుగంలో ఈ సంభాషణకు తొలి ప్రామాణిక రూపం ఇచ్చినది సెంట్రానిక్స్ సంస్థ. 1970లో వెలువడిన ఆ సంస్థ ప్రింటర్‌తో వచ్చిన సమాంతర అనుసంధానం క్రమంగా పరిశ్రమంతటికీ ఆదర్శమైంది. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ కూడా దానినే అనుసరించడంతో, ఇరవై ఏళ్ల పాటు ప్రపంచమంతటా కార్యాలయాల్లో బల్లల వెనుక వేలాడిన లావుపాటి కేబుల్ అదే అయింది.

ఆ కేబుల్‌లో అక్షరాన్ని మోసుకుపోయే తీగలు ఎనిమిది. ప్రింటర్ నుంచి కంప్యూటర్‌కు జవాబు తెచ్చేవి ఐదు. ఆ ఐదింటి భాష పరిమితం: అందింది, తీరిక లేదు, కాగితం లేదు, సిద్ధంగా ఉన్నాను, ఏదో లోపం ఉంది. ప్రింటర్ చెప్పగలిగిన సంగతులన్నీ ఇంతే. మూత తెరిచి ఉన్నా, రిబ్బను ఇరుక్కున్నా, మోటారు వేడెక్కినా అన్నింటికీ "ఏదో లోపం" అన్న ఒక్క సంకేతమే దిక్కు.

ఈ భాషాదారిద్ర్యానికి ఒక హాస్యస్ఫోరకమైన సాక్ష్యం లినక్స్ వ్యవస్థలో ఉంది. ప్రింటర్ నుంచి లోపం సంకేతం వచ్చి, అది కాగితం అయిపోవడం వల్లా కాక, ప్రింటర్ ఆపివేసి ఉండటం వల్లా కాకపోతే, ఆ వ్యవస్థ "ప్రింటర్ మంటల్లో ఉంది" అన్న అర్థమిచ్చే సందేశాన్ని చూపేది. పెద్ద లైన్ ప్రింటర్ల కాలం నాటి చమత్కారం ఆ సందేశంలో మిగిలిపోయింది. నవ్వు పుట్టించినా దాని వెనుక ఒక వాస్తవం ఉంది. తెలిసిన రెండు కారణాలూ కానప్పుడు కంప్యూటర్‌కు మిగిలేది ఊహే.

1994లో వచ్చిన ఐట్రిపుల్‌ఈ 1284 ప్రమాణం ఈ మార్గాన్ని ఇరువైపుల సంభాషణకు అనువుగా విస్తరించింది. ప్రింటర్ తన పేరు, తయారీదారు వివరాలు తానే చెప్పుకునే వీలు కలిగింది. అయితే పాత కేబుళ్లు, కొత్త ప్రింటర్లు ఒకే బల్లమీద కలిసిన చోట మౌనం కొనసాగింది. అప్పట్లో "కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టు" అన్నది తొలి చికిత్స. వదులైన పిన్నుల కాలంలో అది సహేతుకమే. 1996లో ప్రారంభమైన యూఎస్‌బీ దానికి కొత్త చిక్కును జోడించింది. విండోస్ వ్యవస్థ ఉన్న కంప్యూటర్‌లో కేబుల్‌ను ఒక రంధ్రం నుంచి తీసి మరో రంధ్రంలో పెడితే, అదే ప్రింటర్ కొన్నిసార్లు రెండో నకలుగా నమోదవుతుంది. దస్త్రాలు మాత్రం పాత పేరుకే వెళ్తుంటాయి. ప్రింటర్ సిద్ధంగా ఉంటుంది, కంప్యూటర్ పంపుతూ ఉంటుంది, కాగితం మాత్రం రాదు. ఒక యుగంలో చికిత్స అయిన అలవాటు తరువాతి యుగంలో రోగకారణం కావడానికి ఇది చక్కని ఉదాహరణ.

4. తెలుగు పేజీ మోసిన బరువు:

1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తెలుగును పాలనా భాషగా గుర్తించింది. చట్టం గుర్తించిన భాషను యంత్రం కూడా గుర్తించాలి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల శాశ్వత స్మృతిలో రోమన్ అక్షరాల ఆకృతులు తయారీ దశలోనే నిక్షిప్తమై ఉండేవి. ఆంగ్లంలో ఒక అక్షరం ముద్రించడానికి కంప్యూటర్ ఒక్క బైటు పంపితే చాలు. తెలుగుకు ఆ సదుపాయం లేదు. ప్రతి పంక్తినీ చుక్కల బొమ్మగా మార్చి పంపవలసి వచ్చేది. పైన గుణింతపు గుర్తులు, కింద వత్తులు ఉన్న తెలుగు పంక్తి ఎత్తు తొమ్మిది సూదుల ప్రింటర్ తల ఒక్క పోకలో ముద్రించగల ఎత్తులో స్పష్టంగా ఇమడదు. అందుచేత ఒకే పంక్తి మీదుగా తల ఒకటికి మించిన సార్లు నడిచేది.

ఈ భారాన్ని అంకెలలో చూడవచ్చు. 2,000 రోమన్ అక్షరాలున్న పేజీకి సుమారు 2,000 బైట్లు చాలు. అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో ఏ4 పేజీని మొత్తంగా బొమ్మగా పంపాలంటే, కుదించని స్థితిలో సుమారు 87 లక్షల చుక్కలు, అంటే దాదాపు 10 లక్షల 87 వేల బైట్లు అవసరం. రెండింటికీ తేడా 500 రెట్లకు పైమాటే. 1984లో వచ్చిన తొలి హెచ్‌పీ లేజర్‌జెట్ స్మృతి 128 కిలోబైట్లు మాత్రమే కనుక అంతటి బొమ్మ దానిలో పట్టేది కాదు. డేటా ఎక్కువైనకొద్దీ ప్రింటర్ "తీరిక లేదు" అనే సమయం పెరుగుతుంది. ఆ సమయం కంప్యూటర్ ఓర్పుకు పెట్టుకున్న గడువును దాటితే, ప్రింటర్ స్పందించడం లేదన్న సందేశం వెలువడుతుంది. ఆంగ్ల పత్రం వచ్చి తెలుగు పత్రం రాకపోవడానికి ఇదొక కారణం. యంత్రం పాడై కాదు, భాష బరువై.

కాన్పూరు ఐఐటీలో మొదలై, 1988లో ఏర్పడిన పుణె సీడాక్ చేతిలో జిస్ట్ పేరిట రూపుదిద్దుకున్న పరిజ్ఞానం, 1991 నాటి ఇస్కీ ప్రమాణం భారతీయ భాషలకు కంప్యూటర్‌లో స్థానం కల్పించాయి. మరోవైపు డీటీపీ రంగం రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చిన ఫాంట్లతో ముందుకు సాగింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్ నుంచి ముద్రించిన పేజీలో అర్థంలేని రోమన్ గుర్తులు పడేవి. ఇది మౌనం కాదు, అపలాపం. అయినా కాగితం కోసం నిలబడినవాడికి రెండింటి ఫలితం ఒక్కటే. 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం దక్కినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చిన తరువాతే సాధారణ కార్యాలయ కంప్యూటర్‌లో తెలుగు యూనికోడ్ నేరుగా కనబడటం మొదలైంది.

5. వరుసలో ఇరుక్కున్న దస్త్రం:

1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పథకం కింద 200కు పైగా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చాయి. పాలనలో కంప్యూటర్ ముద్రణ అనుబంధ సౌకర్యం స్థాయి నుంచి ప్రధాన ప్రక్రియ స్థాయికి ఎదిగిన కాలమిది. ఒక కౌంటరు ముందు బారులు తీరిన మనుషులు, కౌంటరు వెనుక కంప్యూటర్‌లో బారులు తీరిన పనులు అనే రెండు వరుసలు ఈ కాలంలో ఒకదానిపై ఒకటి ఆధారపడ్డాయి.

విండోస్ వ్యవస్థలో ముద్రణ వరుస డిస్కుపై ఒక ఫోల్డరులో ఉంటుంది. ప్రతి పనికి సాధారణంగా రెండు దస్త్రాలు ఏర్పడతాయి. ఒకదానిలో పేజీల సమాచారం, రెండవదానిలో ఆ పని ఎవరిది, ఏ ప్రింటర్‌కు అన్న వివరాలు ఉంటాయి. ముందున్న పని ఏ కారణం చేతనైనా చెడిపోతే వెనుకవన్నీ ఆగిపోతాయి. దానిని తొలగించమని చెబితే "తొలగించబడుతోంది" అన్న మాట గంటల తరబడి కనబడవచ్చు. కంప్యూటర్‌ను ఆపి తిరిగి వేసినా ఆ దస్త్రాలు డిస్కుపై ఉన్నాయి కనుక అడ్డంకి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. స్పూలర్ సేవను ఆపి, ఆ ఫోల్డరును ఖాళీ చేసి, సేవను తిరిగి ప్రారంభించడమే దీనికి సరైన చికిత్స.

వరుస ఆగడానికి ఒక కారణం మరీ విచిత్రమైనది: కాగితం కొలత. అనేక సాఫ్ట్‌వేర్‌లు అమెరికా అలవాటు ప్రకారం 216 × 279 మిల్లీమీటర్ల లెటర్ కాగితాన్ని ముందుగానే ఎంచుకుని ఉంటాయి. భారతీయ కార్యాలయంలో ట్రేలో ఉండేది 210 × 297 మిల్లీమీటర్ల ఏ4. ప్రింటర్ తనకు లెటర్ కాగితం కావాలని తన చిన్న తెరపై అడిగి ఆగిపోతుంది. ఆ తెరను ఎవరూ చూడరు. కంప్యూటర్ ముందున్నవారు మళ్లీ మళ్లీ అదే ఆజ్ఞ పంపుతూ వరుసను పెంచుతారు. దస్తావేజులకు, కోర్టు పత్రాలకు వాడే లీగల్ కాగితం కొలత మరొకటి. మూడు కొలతల మధ్య తిరిగే కార్యాలయంలో ప్రింటర్ "అప్పుడప్పుడు" మూగబోవడంలో వింత లేదు. ఏ పత్రం వచ్చినప్పుడు ఆగిందో గమనిస్తే ఆ "అప్పుడప్పుడు" వెనుక ఒక నియమం బయటపడుతుంది.

6. చిరునామా మారిన ప్రింటర్:

ఒక కంప్యూటర్‌కు ఒక ప్రింటర్ అన్న ఏర్పాటు పోయి, గదికంతటికీ ఒక ప్రింటర్ వచ్చాక సంభాషణ కేబుల్ నుంచి నెట్‌వర్క్‌కు మారింది. నెట్‌వర్క్‌లో మాట చేరాలంటే చిరునామా కావాలి. 1990లలో ప్రమాణంగా స్థిరపడిన డీహెచ్‌సీపీ పద్ధతిలో రౌటర్ ప్రతి పరికరానికీ చిరునామాను శాశ్వతంగా ఇవ్వదు, గడువు పెట్టి అద్దెకు ఇస్తుంది. పరికరం వెలుగుతున్నంతకాలం ఆ అద్దెను పొడిగించుకుంటూ పోతుంది.

శనివారం సాయంత్రం ఆపివేసిన ప్రింటర్ అద్దె గడువు ఆదివారం ముగిసిందనుకుంటే, సోమవారం ఉదయం ఆ చిరునామా వేరే ఫోనుకో ల్యాప్‌టాప్‌కో దక్కవచ్చు. ప్రింటర్‌కు కొత్త చిరునామా వస్తుంది. కంప్యూటర్లు మాత్రం పాత ఇంటి తలుపే తడుతుంటాయి. అశోక్‌నగర్‌లో అద్దెగది మారిన అభ్యర్థికి పాత చిరునామాకు వెళ్లిన ఉత్తరం వంటిదే ఈ స్థితి. సోమవారాల్లో, సెలవుల తరువాత ప్రింటర్ పలకడం లేదన్న ఫిర్యాదు తరచుగా వస్తుంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. ప్రింటర్‌కు రౌటర్‌లో ఒక చిరునామాను స్థిరంగా కేటాయించడం పరిష్కారం.

విద్యుత్ అంతరాయం మరొక కారణం. లేజర్ ప్రింటర్‌లో సిరాపొడిని కరిగించి కాగితానికి అంటించే భాగం ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. అందుచేత దానిని సాధారణ యూపీఎస్‌కు తగిలించవద్దని చెబుతారు. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, ప్రింటర్ ఆగిపోతుంది, సగం పంపిన పని వరుసలో ఇరుక్కుంటుంది. కరెంటు వచ్చాక రౌటర్ తేరుకోకముందే ప్రింటర్ మేల్కొంటే, చిరునామా ఇచ్చేవారు లేక, కొన్ని ప్రింటర్లు 169.254తో మొదలయ్యే తాత్కాలిక చిరునామాను తమకు తామే పెట్టుకుంటాయి. ఆ చిరునామాతో ఉన్న ప్రింటర్ ఇతర కంప్యూటర్లకు కానరాదు. అప్పుడు ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేస్తే పనిచేయడంలో మంత్రమేమీ లేదు. రౌటర్ సిద్ధంగా ఉన్నందున ఈసారి సరైన చిరునామా దొరుకుతుంది, అంతే.

మూడవది స్థితి విచారణ. ప్రింటర్ల స్థితిని నెట్‌వర్క్ ద్వారా అడిగి తెలుసుకునే పద్ధతికి 1995లో ప్రమాణం ఏర్పడింది. ఐదు తీగల భాషతో పోలిస్తే అది ఎంతో సంపన్నం. ట్రేలో కాగితమెంత, మూత తెరిచి ఉందా, సిరా ఎంత మిగిలింది అన్నవన్నీ చెప్పగలదు. కానీ విండోస్ కంప్యూటర్ అడిగిన ఈ కుశలప్రశ్నకు జవాబు రాకపోతే, ప్రింటర్ ముద్రించడానికి సిద్ధంగా ఉన్నప్పటికీ అది "ఆఫ్‌లైన్" అని నమోదు కావచ్చు. విద్యుత్ ఆదా కోసం గాఢనిద్రలోకి వెళ్లిన ప్రింటర్ విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సంభాషణను సుసంపన్నం చేయడానికి తెచ్చిన ఏర్పాటే సంభాషణ తెగిందన్న భ్రమకు కారణం కావడం ఈ చరిత్రలోని విరోధాభాస.

7. మరమ్మతు జ్ఞానం ఎవరిది?:

ప్రింటర్ మౌనం సాంకేతిక సమస్యకే పరిమితం కాదని నిరూపించిన ఘటన అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జరిగింది. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను సవరించి, కాగితం ఇరుక్కుంటే దాని కోసం వేచి ఉన్నవారికి సందేశం వెళ్లేలా చేశాడు. తరువాత జిరాక్స్ సంస్థ నుంచి వచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌కు అదే సౌకర్యం కల్పించాలనుకుంటే, దాని మూలసంకేతం ఆయనకు దొరకలేదు. అది తన దగ్గర ఉన్న మరో విశ్వవిద్యాలయపు పరిశోధకుడు, రహస్యంగా ఉంచుతానన్న ఒప్పందం వల్ల ఇవ్వలేనన్నాడు. 1983 సెప్టెంబరులో ఆయన ప్రకటించిన గ్నూ ప్రణాళికకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఈ అనుభవం ఒక ప్రేరణగా నిలిచింది. ప్రింటర్ ఎందుకు ఆగిందో తెలుసుకునే హక్కు దానిని వాడేవారికి ఉందా అన్నదే ఆయన లేవనెత్తిన ప్రశ్న.

భారతదేశంలో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురైంది. 1978లో ఐబీఎం దేశం నుంచి వైదొలగినప్పుడు దాని యంత్రాల నిర్వహణ బాధ్యతను ప్రభుత్వరంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ స్వీకరించింది. తయారీదారు లేకపోయినా యంత్రాలను నడపగల దేశీయ నైపుణ్యం అలా పెరిగింది. 1967లో ఈసీఐఎల్ ఏర్పడిన హైదరాబాదులో ఎలక్ట్రానిక్ మరమ్మతుకు అప్పటికే పునాది ఉంది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విపణులు ఆ నైపుణ్యాన్ని సామాన్య కార్యాలయాల అందుబాటులోకి తెచ్చాయి. కార్ట్రిడ్జి నింపడం, రోలర్ మార్చడం, ఫ్యూజర్ శుభ్రపరచడం ఇక్కడి మెకానిక్కులకు వెన్నతో పెట్టిన విద్య.

అయితే మౌనం లోహం నుంచి సాఫ్ట్‌వేర్‌కు మారినకొద్దీ ఈ చేతిపని నైపుణ్యానికి అందనిది పెరిగింది. 2021లో విండోస్ స్పూలర్‌లో "ప్రింట్‌నైట్‌మేర్" పేరిట ప్రసిద్ధమైన భద్రతాలోపం బయటపడింది. దానిని, దాని వంటి ఇతర లోపాలను సరిచేయడానికి వరుసగా వచ్చిన నవీకరణల తరువాత, ఒక కంప్యూటర్ ద్వారా పలువురు పంచుకునే ప్రింటర్లు అనేక కార్యాలయాల్లో అనుసంధానం కాకుండా పోయాయి. అక్కడ ప్రింటర్‌లోనూ, కేబుల్‌లోనూ, చిరునామాలోనూ లోపం లేదు. భద్రత కోసం నియమం మారింది, ఆ సంగతి బల్ల దగ్గర కూర్చున్నవారికి ఎవరూ చెప్పలేదు. 2023లో మైక్రోసాఫ్ట్ తయారీదారుల ప్రత్యేక డ్రైవర్లను క్రమంగా తగ్గిస్తామని ప్రకటించింది. ఐపీపీ అనే ఉమ్మడి ప్రమాణం వైపు సాగుతున్న ఈ మార్పు డ్రైవర్ల గందరగోళాన్ని తగ్గించవచ్చు. ఇంకా వాడుకకు పనికివచ్చే పాత ప్రింటర్ల భవితవ్యం మాత్రం ప్రశ్నార్థకమే.

8. కారణాన్వేషణకు ఒక క్రమం:

పై చరిత్ర నుంచి ఆచరణకు ఉపకరించే క్రమం ఒకటి లభిస్తుంది. పొరలను వేరు చేసే ప్రశ్నలు వేయడమే దాని సారం.

మొదటి ప్రశ్న: ప్రింటర్ తనంతట తాను పరీక్షా పత్రాన్ని ముద్రిస్తుందా? ముద్రిస్తే కాగితం, సిరా, మోటారు వంటి భౌతిక భాగాలు నిర్దోషులు. దాని సొంత తెరపై సందేశమేదైనా ఉందేమో కూడా అప్పుడే చదవాలి.

రెండవ ప్రశ్న: ఒక్క కంప్యూటర్‌కేనా, అన్నింటికీనా? అన్నింటికీ అయితే ప్రింటర్ చిరునామాను, రౌటర్‌ను చూడాలి. ప్రింటర్ ముద్రించి ఇచ్చే వివరాల పత్రంలోని చిరునామా, కంప్యూటర్‌లో నమోదైన చిరునామా ఒకటేనా అని పోల్చాలి.

మూడవ ప్రశ్న: ఒక్క కంప్యూటర్‌కే అయితే, పని ఏ పేరున్న ప్రింటర్‌కు వెళ్తోంది? నకలు పేర్లు, తనంతట తానే మారిపోయే డిఫాల్ట్ ప్రింటర్ ఇక్కడ పట్టుబడతాయి. ఆ తరువాత వరుసలో తల దగ్గర ఇరుక్కున్న పని ఉందేమో చూడాలి.

నాలుగవ ప్రశ్న: అన్ని పత్రాలకా, కొన్నింటికేనా? కొన్నింటికే అయితే కాగితం కొలతను, ఫాంటును, పేజీ పరిమాణాన్ని పరిశీలించాలి.

ఐదవ ప్రశ్న: ఎప్పుడు? అప్పుడప్పుడు వచ్చే లోపానికి ఇది ప్రాణప్రదమైన ప్రశ్న. ప్రింటర్ పక్కన ఒక చిన్న పుస్తకం ఉంచి తేదీ, సమయం, పత్రం, కంప్యూటర్, కరెంటు పోయిందా లేదా అన్న వివరాలు రెండు మూడు వారాలు రాస్తే చాలు. సోమవారం ఉదయం వస్తే చిరునామా గడువు, భోజన విరామం తరువాత వస్తే గాఢనిద్ర, కరెంటు వచ్చాక వస్తే మేల్కొన్న క్రమం, నవీకరణ మరునాడు వస్తే డ్రైవర్ అన్న అనుమానాలకు ఆధారం దొరుకుతుంది. మెకానిక్ వచ్చినప్పుడు యంత్రం బాగానే పనిచేసినా, ఆ పుస్తకం సాక్ష్యం చెబుతుంది.

"ఆపి మళ్లీ వేయడం" అన్న సార్వత్రిక చికిత్సపై ఒక మాట. అది పనిచేయడానికి కారణం ఒక్కసారే పలు పొరలను కొత్తగా మొదలుపెట్టడం. కనుకనే అది నేర్పేది ఏమీ లేదు. ఏ పొరలో లోపముందో చెప్పే ఆనవాళ్లను కూడా అది చెరిపివేస్తుంది. అత్యవసరంలో తప్పదు గానీ, ఆపే ముందు ప్రింటర్ తెరమీది సందేశాన్ని, చిరునామాను రాసుకోవడం విజ్ఞత.

9. ముగింపు:

టైపు మిషను నుంచి నెట్‌వర్క్ ప్రింటర్ వరకు సాగిన పరిణామంలో వేగం పెరిగింది, దూరం తగ్గింది, తెలుగు లిపికి స్థానం దక్కింది. తగ్గినది ఒక్కటే: యంత్రం ఎందుకు ఆగిందో వాడేవారికి తెలియడం. ప్రతి దశలోనూ ప్రింటర్‌కు కారణం తెలుసు, లేదా దాని మధ్యవర్తుల్లో ఒకరికి తెలుసు. ఆ కారణం కాగితం కోసం నిలబడిన మనిషి దాకా రాలేదు.

ఈ లోటు భారం సమానంగా పడదు. సొంత సాంకేతిక సిబ్బంది ఉన్న సంస్థకు అది కొద్ది నిమిషాల ఆలస్యం. దూరప్రాంతం నుంచి ఒక్కరోజు సెలవు పెట్టి వచ్చిన దరఖాస్తుదారుకు అది మరో ప్రయాణం. గడువు చివరిరోజున సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన పరిశోధకుడికి అది ఒక విద్యా సంవత్సరం కావచ్చు. "ప్రింటర్ పనిచేయడం లేదు, రేపు రండి" అన్న మాటకు జవాబుదారీతనం ఎక్కడా నమోదు కాదు. కేబుల్, వరుస, చిరునామా, డ్రైవర్ ఒకదానిపై ఒకటి నెపం వేసుకోగలిగిన వ్యవస్థలో నిందను మోసేది కౌంటరులోని గుమస్తా, నష్టాన్ని మోసేది కౌంటరు బయటి పౌరుడు.

పరిపాలనా చరిత్రను చట్టాల ద్వారా, ఉత్తర్వుల ద్వారా అధ్యయనం చేసే సంప్రదాయం మనకు ఉంది. ఉత్తర్వు కాగితంగా మారే చోటును కూడా ఆ అధ్యయనంలో చేర్చవలసి ఉంది. కార్యాలయాల్లోని లోపాల పుస్తకాలు, మరమ్మతు బిల్లులు, మెకానిక్కుల మౌఖిక కథనాలు ఇందుకు తగిన ఆకరాలు. వాటిని సేకరించే పనికి, మిల్లు పేట నుంచి కార్యాలయాల పేటగా మారిన కవాడిగూడ అనువైన ప్రారంభస్థానం.